దాతకు వెబ్‌సైట్, మనకు బ్రోకరా?



ఈ పోస్టు కొంచెం పెద్దది. ఓపికతో చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఇంటరో, ఐటీఐనో, డిగ్రీనో అయిపోయి శంషాబాద్ దిక్కు పని వెతుకుతున్నవాళ్ళు, కంప్యూటర్ చదువులు చదువుతున్నవాళ్ళు, ఈ రెండు రకాలవాళ్ళు తప్పకుండా చదవాలి. ఎందుకంటే మొదటివాళ్ళ కష్టానికి మందు రెండోవాళ్ళ చేతిలో ఉన్నది.

విషయం ఏందంటే, స్వచ్ఛంద సంస్థల వెబ్‌సైట్లు. "స్కాలర్‌షిప్ బకాయిలు, హాస్టల్ సమస్యలు, నోటిఫికేషన్లు ఇన్ని ఉండగా వెబ్‌సైట్ల ముచ్చట ఎందుకు?" అని అడగొచ్చు. అవన్నీ ముఖ్యమే. కానీ ఇది కూడా మన కడుపుకు సంబంధించిన ముచ్చటే. ఎట్లనో చెప్తాం.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల భూమి. ఒకప్పుడు జొన్న, కూరగాయలు పండిన ఊర్ల నడుమ ఇప్పుడు విమానాలు దిగుతున్నయి. దాని చుట్టూ కార్గో గోదాములు, హోటళ్ళు, విమానాల రిపేరు షెడ్లు, ఫుడ్ ప్యాకింగ్ కంపెనీలు, సెక్యూరిటీ, హౌస్ కీపింగ్ ఏజెన్సీలు వచ్చినయి. మహబూబ్‌నగర్, షాద్‌నగర్ దిక్కు నుంచి హైవే మీద వచ్చేవాళ్ళు శంషాబాద్‌లో దిగుతారు. అచ్చంపేట, కల్వకుర్తి నుంచి శ్రీశైలం రోడ్డు మీద వచ్చేవాళ్ళు తుక్కుగూడలో దిగుతారు. అందులో మన పిల్లలు ఎంతమందో మనకు తెలుసు. ఒక్కో రూములో అయిదారుగురు ఉండుకుంటూ, షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూ ఓపెన్ డిగ్రీ చదివేవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు.

ఇక్కడ పనులు ఉన్నయి. ఆ పనులకు కావలసిన శిక్షణ పైసా తీసుకోకుండా ఇచ్చే సంస్థలు కూడా ఉన్నయి. ఎయిర్‌పోర్ట్ నడిపే గ్రూపుకు చెందిన జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ ఉన్నది, ముచ్చింతల్‌లో స్వర్ణభారత్ ట్రస్ట్ ఉన్నది. ఇంకా చిన్న ట్రస్టులు, సొసైటీలు, చర్చీల సంస్థలు, మఠాల సంస్థలు, కంపెనీల సీఎస్ఆర్ డబ్బులతో నడిచే కేంద్రాలు ఉన్నయి. ఈ పోస్టు ఏ ఒక్క సంస్థ మీదా ఫిర్యాదు కాదు. చెప్పేది మొత్తం పద్ధతి గురించి.

మరి ఇన్ని ఉంటే మన పిల్లల దగ్గరికి ముందుగా వచ్చేది ఏంది? ఒక వాట్సాప్ మెసేజ్. "ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగాలు, టెన్త్ పాస్ చాలు, జీతం బాగుంటది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి, వెంటనే ఈ నంబర్‌కు కాల్ చెయ్యండి." ఇట్లాంటివి మనలో ఎవరి ఫోన్‌కు రాలేదు? ఉద్యోగం పేరుతో డబ్బులు అడిగితే నమ్మొద్దని విమానాశ్రయ సంస్థలు, ఎయిర్‌లైన్స్ కంపెనీలు పలుమార్లు హెచ్చరించినయి. మోసపోయినవాళ్ళ వార్తలు పేపర్లలో చూస్తనే ఉన్నాం. ఎయిర్‌పోర్ట్ లోపల పని చెయ్యాలంటే విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఇచ్చే ఎంట్రీ పర్మిట్ ఉండాలి. దానికి ముందు వెరిఫికేషన్ జరుగుతది. ఏ బ్రోకరూ జేబులో నుంచి తీసి ఇచ్చేది కాదు అది. అయినా మన పిల్లలు కూలి డబ్బులు, అమ్మ పుస్తె కుదవపెట్టిన డబ్బులు తీసుకుపోయి వాళ్ళ చేతిలో పెడుతున్నారు.

తెలివి లేక పెడుతున్నారా? కాదు. ఆ బ్రోకర్ మెసేజ్‌ను ఒక్కసారి మళ్ళీ చదవండి. తెలుగులో ఉంటది. నాలుగు లైన్లే ఉంటది. ఎంత చదువు కావాలో ఉంటది. జీతం ఉంటది. ఫోన్ నంబర్ ఉంటది. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, "ఏం తమ్ముడూ, ఏ ఊరు?" అని అడుగుతాడు.

ఇప్పుడు ఒక మంచి సంస్థ వెబ్‌సైట్ ఓపెన్ చెయ్యండి. ముందు ఒక పెద్ద ఫొటో కదులుతది. అది లోడ్ అయ్యేదాకా స్క్రీన్ తెల్లగా ఉంటది. తర్వాత ఇంగ్లీషులో విజన్, మిషన్. తర్వాత చైర్మన్ సందేశం. తర్వాత ఇన్ని లక్షల జీవితాలు మార్చామని అంకెలు గిర్రున తిరుగుతయి. "డొనేట్" అనే బటన్ మాత్రం ఎక్కడికి పోయినా మన వెంబడే వస్తది. కోర్సు ఎప్పుడు మొదలైతది? ఎవరు చేరొచ్చు? హాస్టల్ ఉన్నదా? ఫీజు ఉన్నదా లేదా? ఇవి ఎక్కడో మూడో మెనూ కింద, రెండేళ్ళ కిందటి పీడీఎఫ్‌లో ఉంటయి. కొన్నిట్లో అసలే ఉండవు.

అందుకే మేం అనేది ఒక్కటే. మంచి సంస్థ తన వెబ్‌సైట్‌లో చెప్పకుండా వదిలేసిన ప్రతి మాట బ్రోకర్‌కు గిరాకీ అయితది. "ఫీజు లేదు" అని ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో తెలుగులో రాయకపోతే, ఆ ఖాళీలో ఇంకొకడు వచ్చి ఫీజు వసూలు చేస్తాడు.

ఇట్ల ఎందుకు అయింది? దానికి కారణం ఉన్నది. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. దాని వల్ల ఎన్నో శిక్షణ కేంద్రాలు వచ్చినయి. కానీ దానితోపాటు సంస్థల వెబ్‌సైట్లకు కొత్త పాఠకుడు వచ్చాడు. ఆయన కంపెనీ ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే సీఎస్ఆర్ మేనేజర్. ఆయనకు రిపోర్టులు కావాలి, ఫొటోలు కావాలి, ఇంగ్లీషు కావాలి. సంస్థలు ఆయన కోసం వెబ్‌సైట్ కట్టించినయి. అది తప్పు అనట్లేదు, డబ్బులు రాకపోతే శిక్షణ ఎట్ల నడుస్తది? కానీ ఇంటికి చుట్టం వస్తాడని ముందు గది అంతా చుట్టానికే ఇచ్చి, ఇంట్లో పిల్లలను వెనక తలుపు నుంచి రమ్మంటే ఎట్ల ఉంటది?

అడ్రస్ సంగతే చూడండి. కొన్ని వెబ్‌సైట్లలో "ఎయిర్‌పోర్ట్ నుంచి పదిహేను నిమిషాల దూరం" అని ఉంటది. అది ఎవరికి చెప్పినట్టు? విమానం దిగి కారులో వచ్చే అతిథికి. మన పిల్ల దేవరకొండ నుంచో, ఆసిఫాబాద్ నుంచో ఎంజీబీఎస్‌లో దిగుతది. అక్కడి నుంచి ఏ బస్సు ఎక్కాలి, శంషాబాద్‌లో ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఊరి లోపలికి ఆటో దొరుకుతదా, సాయంత్రం ఎన్ని గంటలదాకా దొరుకుతది? ముచ్చింతల్ లాంటి ఊర్లు హైవే మీద ఉండవు, లోపలికి పోవాలి. ఈ నాలుగు లైన్లు రాయడానికి డిజైనర్ అవసరం లేదు. గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌ను అడిగితే చెప్తాడు.

ఫొటోల సంగతి ఇంకొకటి. అద్దాల రైక వేసుకున్న మన అవ్వ ఫొటో మొదటి పేజీలో ఉంటది. చెప్పుల్లేని మన పిల్లగాడి ఫొటో డొనేట్ బటన్ పక్కన ఉంటది. మన అవ్వ ఫొటో ఉంటది కానీ మన అవ్వకు పనికొచ్చే ఒక్క మాట ఉండదు. ఆ ఫొటో పెట్టడానికి ఆమెను అడిగారా? ఆ పిల్లగాడి అమ్మానాన్నను అడిగారా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది. చట్టం సంగతి పక్కనపెట్టినా, రేపు ఆ పిల్లగాడు ఉద్యోగానికి పోయినప్పుడు తన బీదతనం ఫొటో ఇంటర్నెట్‌లో దొరకడం అతనికి ఇష్టమేనా? కోర్సు పూర్తి చేసి పని చేస్తున్న పిల్లల ఫొటోలు, వాళ్ళు ఒప్పుకుంటేనే, వాళ్ళ సొంత మాటలతో పెట్టండి. దాతకు కూడా అదే ఎక్కువ నమ్మకం ఇస్తది.

మరి ఎట్ల ఉండాలి? మాకు తెలిసినంతలో చెప్తాం.

మొదటిది, మొదటి పేజీలో మొదటి స్క్రీన్ మన పిల్లలది కావాలి. అందులో ఈ ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. ఏం కోర్సు, ఎన్ని రోజులు? ఎంత చదివి ఉండాలి, వయసు ఎంత? ఫీజు ఎంత, లేకపోతే "లేదు, ఎవరికీ డబ్బులు ఇవ్వొద్దు" అని. హాస్టల్, భోజనం ఉన్నాయా? ఏ కాగితాలు తేవాలి, కుల ధ్రువీకరణ పత్రం పాతది నడుస్తదా? కొత్త బ్యాచ్ ఎప్పుడు, చివరి తేదీ ఎప్పుడు? కోర్సు అయినంక పని ఎక్కడ, చేతికి వచ్చే జీతం ఎంత? ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆడపిల్లల హాస్టల్ అయితే ఇంకొక మాట తప్పకుండా ఉండాలి: వార్డెన్ ఎవరు, రాత్రి కాపలా ఎట్ల, అమ్మానాన్న ఎప్పుడు వచ్చి చూడొచ్చు. ఈ ఒక్క జవాబు దొరకకనే ఎంతమంది చెల్లెళ్ళ చదువు ఇంటర్‌తో ఆగిపోయిందో మనకు తెలుసు.

రెండోది, తెలుగు. అది కూడా పోస్టర్ బొమ్మలో తెలుగు కాదు, టైపు చేసిన తెలుగు. చాలా సంస్థలు తెలుగు సమాచారాన్ని ఫొటోగా పెడుతున్నయి. లేకపోతే డీటీపీ సెంటర్‌లో పాత అను ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ చేస్తున్నయి. కంటికి తెలుగే కనపడతది. కానీ అందులోని మాటలను కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉన్నది. ఫోన్‌లో మనం రోజూ టైపు చేసేది అదే. యూనికోడ్‌లో రాస్తే "శంషాబాద్ ఉచిత శిక్షణ హాస్టల్" అని వెతికిన పిల్లకు ఆ పేజీ దొరుకుతది. ఫోన్ నంబర్ నొక్కితే నేరుగా కాల్ పోతది. కళ్ళు కనపడని తమ్ముడికి ఫోన్‌లోని టాక్‌బ్యాక్ తెలుగులో చదివి వినిపిస్తది. పోస్టర్ బొమ్మతో ఇవేవీ నమ్మకంగా జరగవు.

మూడోది, బరువు. ఈ రోజుల్లో మామూలు వెబ్ పేజీ మొబైల్‌లో 2 ఎంబీ దాటుతున్నది. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పట్టినా, 500 మాటల సమాచారం 15 కేబీ లోపే. ఫోన్ కెమెరాతో తీసిన ఒక్క ఫొటో 3 ఎంబీ ఉంటది. అంటే ఆ ఒక్క ఫొటో బదులు అటువంటి తెలుగు పేజీలు 200 పంపొచ్చు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊర్లు మనకు ఇంకా ఉన్నయి. నల్లమల చెంచు పెంటల్లో, ఏజెన్సీ గూడేల్లో ఆ పేజీ తెరుచుకోవాలి. కాబట్టి ముందు అక్షరాలు రావాలి, ఫొటోలు తర్వాత, చిన్నవి చేసి పెట్టాలి. వీడియో దానంతట అదే మొదలుకావొద్దు.

నాలుగోది, కంటికి కనపడాలి, వేలికి అందాలి. తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాలు ఫ్యాషన్ అయింది. ఎండలో బస్టాండ్‌లో నిలబడి పగిలిన స్క్రీన్ మీద చదివేవాళ్ళకు అవి కనపడవు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ నియమాల్లో అక్షరానికి, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని ఉన్నది. 2023లో వచ్చిన కొత్త నియమాల్లో బటన్లు మరీ చిన్నగా ఉండొద్దని కూడా కొలత ఇచ్చారు. ఇది దివ్యాంగుల కోసమే అనుకోవద్దు. అందరికీ పనికొస్తది.

అయిదోది, దరఖాస్తు ఫారం. గూగుల్ ఫారంలో సర్టిఫికెట్లు అప్‌లోడ్ చెయ్యాలంటే జీమెయిల్ లాగిన్ అడుగుతది. పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్ల అక్కడే ఆగిపోతది, లేకపోతే మీసేవ పక్కన ఇంటర్నెట్ షాపులో డబ్బులు ఇచ్చి చేయించుకుంటది. మొదట పేరు, ఊరు, చదువు, ఫోన్ నంబర్ చాలు. కాగితాలు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఆధార్ నంబర్ మొదటి రోజే ఎందుకు?

ఆరోది, గొంతు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఎస్టీల్లో చదవడం రాయడం వచ్చినవాళ్ళు సగానికి కొంచెం తక్కువే. ఇప్పుడు పెరిగి ఉంటది, కానీ పిల్లను పంపాలా వద్దా అని తేల్చే అమ్మానాన్నల్లో చాలామంది చదవలేరు. గోర్‌బోలిలో, కోయలో, గోండిలో ఒక్కొక్క నిమిషం ఆడియో పెడితే ఎంత ఖర్చు? ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర చేసింది ఇదే. మామూలు ఫోన్ నుంచి ఆదివాసీలు తమ భాషలో మాట్లాడి సమాచారం పంపారు, విన్నారు. దానికి స్మార్ట్ ఫోన్ కూడా అక్కర్లేదు. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగదు?

దీనికి సంస్థలవాళ్ళు చెప్పే జవాబులు కూడా మాకు తెలుసు. "మా వెబ్‌సైట్ దాతల కోసమే, పిల్లలను మా ఫీల్డ్ స్టాఫ్ తీసుకొస్తారు" అంటారు. ఫీల్డ్ స్టాఫ్ చేసే కష్టం మీద మాకు గౌరవం ఉన్నది. కానీ వాళ్ళు ఎన్ని తండాలు తిరుగుతారు? ఇవాళ ప్రతి తండాలో, గూడెంలో చదువుకున్న పిల్ల ఒకతి ఉన్నది, ఆమె చేతిలో ఫోన్ ఉన్నది. ఆమె చదివి పదిమందికి చెప్తది, లింకు పంపుతది. స్టాఫ్ చెప్పింది నిజమా కాదా అని చూసుకునేది కూడా ఆ పేజీలోనే. "దాతలు బాధపడతారు" అంటారా? నిజమైన దాత తన డబ్బు ఎవరికి చేరుతుందో చూడాలనుకుంటాడు. పిల్లలకు పనికొచ్చే పేజీయే ఆయనకు మంచి రుజువు. దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబర్, ఎన్జీవో దర్పణ్ నంబర్, ఆడిట్ లెక్కలు పెట్టండి, చాలు.

"ఖర్చు" అంటారా? నిజానికి తగ్గుతది. బ్రిటన్ ప్రభుత్వం 2012లో వందల వెబ్‌సైట్లను ఒక్కటి చేస్తూ గవ్ డాట్ యూకే తెచ్చినప్పుడు పెట్టుకున్న మొదటి సూత్రం, వాడేవాళ్ళకు ఏం కావాలో అక్కడి నుంచి మొదలుపెట్టాలని. బొమ్మలు, హంగులు తీసేసి నల్లటి అక్షరాలు, సాదా మాటలు పెట్టారు. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకున్నది. అంత డబ్బున్న దేశానికి సాదా పేజీ సరిపోతే, శంషాబాద్‌లో ట్రస్టుకు ఎందుకు సరిపోదు?

హక్కు మాట కూడా ఉన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆన్‌లైన్ కేవైసీలో కళ్ళు ఆర్పలేక ఇబ్బందిపడిన యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్ళు వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతి ట్రస్టుకూ నేరుగా వర్తిస్తదని మేం అనట్లేదు. కానీ ఆన్‌లైన్‌లో అందకపోవడం అంటే చిన్న అసౌకర్యం కాదని దేశంలో పెద్ద కోర్టే చెప్పింది కదా.

ఇగ మన పని. అడగడం ఒక్కటే కాదు, చెయ్యడం కూడా మన చేతిలో ఉన్నది. మన గ్రూపులో బీటెక్ వాళ్ళు, ఎంసీఏ వాళ్ళు ఉన్నారు. మినీ ప్రాజెక్టు కోసం ఏటా లైబ్రరీ మేనేజ్‌మెంట్, హోటల్ బుకింగ్ అని అవే చేసి, సబ్‌మిట్ చేసి మర్చిపోతుంటారు. దాని బదులు ఒక నిజమైన సంస్థకు ఒక నిజమైన తెలుగు పేజీ చెయ్యండి. గిట్‌హబ్‌లో సాదా పేజీని ఉచితంగా పెట్టొచ్చు. సొంత పేరు కావాలంటే డొమైన్‌కు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయితది. కానీ ఒక జాగ్రత్త. డొమైన్, పాస్‌వర్డ్ సంస్థ పేరు మీద, సంస్థ మెయిల్‌తోనే ఉండాలి. చేసిన పిల్లగాడి సొంత మెయిల్ మీద ఉంటే, అతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిన రోజు నుంచి ఆ వెబ్‌సైట్ చచ్చిపోతది. బ్యాచ్ తేదీ మార్చడం ఆఫీసులో క్లర్కుకు కూడా రావాలి. పేజీ కింద "చివరిగా మార్చిన తేదీ" ఉండాలి.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఉన్న సమాచారాన్ని తెలుగులోకి తెండి. భాష వచ్చినవాళ్ళు ఆడియో చెప్పండి. ఇవేవీ రానివాళ్ళు కూడా చెయ్యగలిగిన పని ఒకటున్నది, అదే అన్నిటికన్నా ముఖ్యం. పేజీ తయారైనంక దాన్ని మీ చెల్లె చేతిలోనో, ఇంటర్ చదివే తమ్ముడి చేతిలోనో పెట్టండి. "ఈ కోర్సుకు నువ్వు చేరొచ్చా, చివరి తేదీ ఎప్పుడు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, చూసి చెప్పు" అనండి. మీరు నోరు తెరవొద్దు. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆ పేజీ తప్పు, ఆమె తప్పు కాదు. అక్కడ దిద్దండి. మన సంఘాల పేజీలకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి.

మా ప్రతిపాదన ఇది. ముందు శంషాబాద్, కొత్తూరు, తుక్కుగూడ చుట్టూ ఉన్న సంస్థలతో మొదలుపెడదాం. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో సంస్థకు పోండి. కోపంగా కాదు, మర్యాదగా పోండి. కొత్త బ్యాచ్ వివరాలు అడిగి తెచ్చుకోండి, రాసి చూపించండి, "సార్, మేడమ్, ఇది మీ మొదటి పేజీలో పెట్టండి, మేమే చేసి ఇస్తాం" అనండి. వాళ్ళు ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే, వాళ్ళు సరే అన్నంతవరకు ఆ వివరాలను మన గ్రూపులో టైపు చేసిన తెలుగులో, తేదీతో సహా పెడదాం.

ఎయిర్‌పోర్ట్ ఉద్యోగం అని ఫీజు అడిగే మెసేజ్ ఈసారి వచ్చినప్పుడు దాని కింద మనం పంపడానికి ఒక లింకు ఉండాలి. ఆ లింకు తెరిస్తే తెలుగులో, మొదటి లైన్‌లోనే, "శిక్షణకు ఫీజు లేదు" అని కనపడాలి.